మెరకనానుకొని మా మట్టి ఇల్లు

"ఏమర్రా, ఊరంతా స్లాబులు వేసుకుంటుంటే మీరు మళ్లీ మట్టిగోడలకు దిగారా?" పునాది తీసిన రోజున మా పెద్దమ్మ అన్న మాట ఇది. మా చేతిలోని సొమ్ముతో స్లాబు ఇల్లు పూర్తికాదు. మిగిలింది వడ్డీకి తేవాలి. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి (లూకా 14) ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకొన్నాము. అప్పు చేయకూడదని తీర్మానించుకొన్నాము.

మాకు ధైర్యమిచ్చింది లారీ బేకర్ గారి జీవితం. 1917లో ఇంగ్లాండులో పుట్టిన ఈ క్వేకరు విశ్వాసి, 1945లో కుష్ఠురోగుల సేవకై మన దేశం వచ్చారు. హిమాలయ ప్రాంతంలోని పితోరాగఢ్‌లో పల్లెవాసులు దగ్గర దొరికే రాయి, మట్టితో కట్టుకొనే ఇళ్లను చూసి ఎంతో నేర్చుకొన్నారు. తరువాత కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లు అనేకం కట్టారు. 1990లో పద్మశ్రీ అందుకొన్నారు. 2007లో ప్రభునందు నిద్రించారు.

మా స్థలానికి పడమట మెరక ఉంది. దానిని చదును చేయక, ఇంటికి అండగా వాడుకొన్నాము. నేల లోపల వేడి, చలి త్వరగా మారవు గదా! మెరక వైపు రాతిగోడ, మిగిలిన మూడు వైపులా అడుగున్నర మందం మట్టిగోడలు, రెండడుగుల ఎత్తు రాతి పునాది, పైన పెంకులు. గోడలు తడవకుండా చూరు రెండున్నర అడుగులు బయటకు దింపాము.

మట్టిని ముందుగా పరీక్షించాలి. సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక అడుగున, బంకమన్ను పైన తేరుకొంటాయి. రేగడి మట్టి వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది.

అయినా మొదటి వానాకాలంలోనే వెనుక గది చెమ్మగిల్లింది. పిల్లల పుస్తకాలు బూజుపట్టాయి. పెద్దమ్మ ఏమీ అనలేదు గాని, ఆమె చూపే చాలు! లోపం మట్టిది కాదు, మాదే. రాతిగోడ వెనుక నీరు పోయే దారి పెట్టలేదు. వానలు తగ్గాక ఆ మన్ను తీసి, గోడకు తారు పూసి, అడుగున వాలుగా కాలువ తీసి, కంకర నింపి మళ్లీ మన్ను కప్పాము. మెరకపైన వచ్చే నీటిని కూడా పక్కకు మళ్లించాము. తరువాత చెమ్మ రాలేదు.

ఏదెను తోటలో నరుని ఉంచినప్పుడు దేవుడు దాన్ని కాపాడే పని కూడా అప్పగించాడు. మెరకపై మన్ను జారకుండా వట్టివేరు నాటాము. ఎండ కాచేవైపు, గోడకు దూరంగా వేప, కానుగ పెంచాము. స్నానాల నీరు అరటికి, చేమకు పోతుంది. మునగ కొమ్మ గాలికి ఇట్టే విరుగుతుంది గనుక పెంకులకు దూరంగా వేశాము. రావి, మర్రి మొలకలు కనబడితే వెంటనే పీకేస్తాము; వాటి వేళ్లు గోడలను చీలుస్తాయి.

వైశాఖమాసపు మధ్యాహ్నాలు పెద్దమ్మ ఇప్పుడు మా వెనుక గదిలోనే చాప వేసుకొంటుంది. చెదలు ఎక్కకుండా, అలుకు చెదరకుండా ఏటేటా చూసుకోవలసిన పని మాకున్నది. వడ్డీ కట్టవలసిన పని మాత్రం లేదు. పంట ఇంటికి వచ్చినప్పుడు ముందుగా ప్రభువు భాగం తీసి పెట్టగలుగుతున్నాము.