మూణ్ణెల్ల షుగర్ వెనక ఓ తూకం

డాక్టరు చీటీ మీద హెచ్‌బీఏ1సీ అని రాస్తారు. జనం నోట్లో దాని పేరు మూణ్ణెల్ల షుగర్. తిరుపతి స్విమ్స్‌కు వెళ్లినా, చిత్తూరు నుంచి బస్సెక్కి వేలూరు సీఎంసీకి వెళ్లినా మధుమేహం ఉన్నవాళ్లను డాక్టర్లు అడిగే అంకె అదే. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కిందే లెక్క. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

నిజానికి ఆ పరీక్ష కొలిచేది రక్తంలో తిరిగే చక్కెరను కాదు. చక్కెర అంటుకుని మారిపోయిన ప్రొటీన్‌ను.

టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ 1968లో మధుమేహుల రక్తంలో తేడాగా ఉన్న హిమోగ్లోబిన్‌ను గుర్తించారు. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉండే వాలిన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజు అతుక్కుంటుంది. ఏ ఎంజైమూ పూనుకోకుండా తనంతట తానే జరిగే చర్య ఇది. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా అంటుకుంటుంది. హిమోగ్లోబిన్‌ను మోసే ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టే ఆ గుర్తు మూణ్ణెల్ల కథ చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి వచ్చినా దాన్ని మాయ చేయలేం.

మరి ఆ మార్పును అనుమానానికి తావు లేకుండా పట్టుకునేదెలా? తూచి! తిరుమలలో బిడ్డను తులాభారంలో కూర్చోబెట్టి బెల్లమో చిల్లర నాణేలో సరితూచినట్టు, మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల బరువు తేలుస్తుంది. కాకపోతే ఇక్కడ తక్కెడ ఉండదు. అణువుకు విద్యుదావేశం ఎక్కించి, శూన్యంలో ఎగరేసి, దాని కదలికను బట్టి బరువు లెక్కగడతారు. ప్రొటీన్ల వంటి భారీ అణువులను చెదరకుండా అలా ఎగరేసే ఉపాయాలు కనిపెట్టినందుకే జాన్ ఫెన్, కొయిచి తనకలకు 2002లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

అణువుల బరువు చెప్పే కొలమానం డాల్టన్. మామూలు బీటా గొలుసు బరువు 15,867 డాల్టన్లు. గ్లూకోజు అంటుకున్నది 16,029. తేడా 162. గ్లూకోజు బరువు 180, అతుక్కునేటప్పుడు ఒక నీటి అణువు, అంటే 18, జారిపోతుంది. లెక్క అణువంత కూడా తప్పదు.

ఒకప్పుడు ఒకే రక్తానికి ఒక్కో పద్ధతిలో ఒక్కో అంకె వచ్చేది. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య 2002లో ఒక ప్రామాణిక పద్ధతిని ప్రకటించింది. ఎంజైముతో బీటా గొలుసు మొదట్లోని ఆరు అమైనో ఆమ్లాల ముక్కను కత్తిరించి, చక్కెర ఉన్న ముక్కలెన్ని, లేనివెన్ని అని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తేల్చడం అందులో ఒక దారి. వీధి చివర ల్యాబ్‌లో ఆ యంత్రం ఉండదు, ఉండనక్కర్లేదు. అక్కడి చిన్న యంత్రం కొలతను ఆ ప్రమాణానికి సరిచూస్తే చాలు.

అయినా అంకెను గుడ్డిగా నమ్మకూడదు. రోగులకు ఈ సంగతి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోపిస్తే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఎర్రకణాలు తొందరగా చచ్చిపోయే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో చిక్కు ఇంకో రకం: పేరుకున్న యూరియా నుంచి పుట్టే సయనేట్ కూడా అదే వాలిన్‌కు అంటుకుంటుంది. పాత పద్ధతులు కొన్ని దీన్ని చక్కెరగా పొరబడేవి. తూకంలో ఆ పొరపాటు జరగదు, సయనేట్ చేర్చే బరువు 43 డాల్టన్లే.

ఇలాంటి మార్పులు రక్తానికే పరిమితం కావు. కంటి కటకంలోని క్రిస్టలిన్ ప్రొటీన్ల స్థానంలో జీవితాంతం కొత్తవి రావు, కాబట్టి వాటి మీద చక్కెర గుర్తులు పేరుకుపోతూనే ఉంటాయి. శుక్లాలకు అదొక కారణం. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో చ. మోహన్‌రావు బృందం ఈ ప్రొటీన్లలో ఒకటైన ఆల్ఫా క్రిస్టలిన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అదే నగరంలోని జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్‌రెడ్డి బృందం దాల్చినచెక్కలోని పదార్థాలు ఈ చక్కెర అంటును ఎంతవరకు ఆపుతాయో పరీక్షించింది.

మళ్లీ పరీక్షల సంగతికొస్తే, డయాలసిస్ మీదున్న మధుమేహులకు ఇంకోటి ఉంది, గ్లైకేటెడ్ ఆల్బుమిన్. ఆల్బుమిన్ ఎర్రకణం లోపల ఉండదు, ప్లాస్మాలో తిరుగుతుంది. అందుకే ఎర్రకణాల ఆయుష్షుతో దీనికి పని లేదు, గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. అందులో చక్కెర ఎక్కువగా పట్టుకునే చోటు 525వ స్థానంలోని లైసిన్. మూత్రంలో ప్రొటీన్ బాగా పోతున్నవారిలో మాత్రం ఈ అంకె కూడా తక్కువగా రావచ్చు, కాబట్టి డాక్టరు రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకునే మందు మోతాదు నిర్ణయిస్తారు.