అధిక రక్తపోటు - జీవన నాణ్యత

అధిక రక్తపోటు ఉన్నవారి జీవన నాణ్యతను ఆ వ్యాధి, దాని చికిత్స కూడా ప్రభావితం చేస్తాయి. జీవన నాణ్యత అంటే తన శారీరక శక్తి, మనఃస్థితి, కుటుంబ, సామాజిక జీవితం ఎలా ఉన్నాయో వ్యక్తి స్వయంగా వేసుకొనే అంచనా. సాధారణంగా రక్తపోటు 140/90 మి.మీ. పాదరసం లేదా అంతకంటే ఎక్కువగా ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు. ఈ వ్యాధి చాలామందిలో ఏ లక్షణాలూ చూపదు. అందువలన చికిత్స వలన కలిగే మేలు కంటికి కనబడదు. ఇబ్బంది ఏదైనా ఉంటే అది మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది. చాలామంది మందులు మధ్యలో మానివేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కొలిచే విధానం

జీవన నాణ్యతను ప్రశ్నావళుల ద్వారా కొలుస్తారు. ఎస్.ఎఫ్-36 అనే ప్రశ్నావళిలో 36 ప్రశ్నలు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంక్షిప్త ప్రశ్నావళిలోని 26 ప్రశ్నలు శారీరక, మానసిక, సామాజిక, పరిసర అంశాలకు సంబంధించినవి.

ప్రభావితం చేసే అంశాలు

వ్యాధి ఉన్నదని తెలియడం

రక్తపోటు ఉన్నదని తెలియడమే కొందరిని కుంగదీస్తుంది. 1978లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అధిక రక్తపోటు ఉన్నదని చెప్పిన తరువాత కెనడాలోని ఉక్కు కర్మాగార కార్మికులు అనారోగ్యం పేరిట పనికి రాని రోజులు పెరిగాయి. చికిత్స మొదలుపెట్టారా లేదా అన్నదానితో ఈ పెరుగుదలకు సంబంధం కనబడలేదు.

మందుల దుష్ప్రభావాలు

* మూత్రవర్ధకాలు: తరచు మూత్ర విసర్జన, కొందరిలో లైంగిక సామర్థ్యం తగ్గడం.
* బీటా నిరోధకాలు: అలసట, చేతులు కాళ్ళు చల్లబడడం.
* ఎనలాప్రిల్ వంటివి: ఎడతెగని పొడిదగ్గు.
* ఆమ్లోడిపిన్ వంటివి: చీలమండల వాపు.

ఇవి అందరిలోనూ కనిపించవు. రక్తపోటును ఇంచుమించు సమానంగా తగ్గించిన మందులు కూడా జీవన నాణ్యత విషయంలో సమానం కావని 1986లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం చూపింది. అందులో కాప్టోప్రిల్ వాడిన పురుషులు మిథైల్‌డోపా వాడినవారికంటే మెరుగైన స్థితిలో ఉన్నారు.

ఉపద్రవాలు, ఇతర వ్యాధులు

రక్తపోటును నిర్లక్ష్యం చేస్తే పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం, చూపు మందగించడం వంటివి సంభవించవచ్చు. జీవన నాణ్యతను అత్యధికంగా దెబ్బతీసేవి ఇవే. మధుమేహం, స్థూలకాయం, మానసిక కుంగుబాటు తోడైతే సమస్య మరింత జటిలమవుతుంది. వృద్ధులలో లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఆహారం, ఆర్థిక స్థితి

రోజుకు 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు నిత్యం ఉండే తెలుగువారి భోజనంలో ఇది పెద్ద మార్పు. ఒకరికి విడిగా చప్పిడి వంట చేసేకంటే, ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గించుకోవడం సులభం, ఆరోగ్యకరం. మందుల ఖర్చు, ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి పోవడం పేదలకు అదనపు భారం. 2017లో ప్రారంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. రోగి నివాసానికి దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే మందులు అందేలా చూడడం దీని ఉద్దేశాలలో ఒకటి.

చికిత్స వలన మెరుగుదల

చికిత్స జీవన నాణ్యతను తగ్గిస్తుందన్న భయం చాలావరకు నిరాధారం. స్వల్ప అధిక రక్తపోటు ఉన్నవారిపై జరిగి, 1993లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో అందరూ ఆహార, వ్యాయామ నియమాలు పాటించారు. వారిలో మందులు వాడినవారి జీవన నాణ్యత ప్లాసిబో (మందు లేని మాత్ర) వాడినవారికంటే ఎక్కువగా మెరుగుపడింది. ఒక మందు పడనప్పుడు వైద్యుడు మోతాదు తగ్గించడమో, వేరొక మందుకు మార్చడమో చేయగలరు. కనుక ఇబ్బందిని దాచకుండా వైద్యునికి చెప్పడం అవసరం. సొంతంగా మందులు మానివేయడం ప్రమాదకరం.

ఇవి కూడా చూడండి

* రక్తపోటు
* పక్షవాతం
* మధుమేహం