లారీ బీమా వేరు, సరుకు బీమా వేరు

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీ దారిలో బోల్తాపడితే నష్టం ఎవరిది? ‘‘లారీకి ఇన్సూరెన్సు ఉన్నది గదా’’ అని ధీమాగా ఉండే వర్తకులు అనేకులు. ఈ ధీమాకు ఆధారం లేదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లారీకి తప్పనిసరిగా ఉండవలసినది థర్డ్ పార్టీ బీమా. ఇతరుల ప్రాణహాని, గాయాలు, ఆస్తినష్టం దీని క్రిందికి వస్తాయి. 1994 సవరణ దరిమిలా, సరుకు వెంట లారీలో వెళ్లే యజమానికి లేక అతడు పంపిన ప్రతినిధికి హాని జరిగినా వర్తిస్తుంది. సమగ్ర పాలసీ ఉంటే లారీ మరమ్మతు కూడా చేరుతుంది. లారీపైనున్న సరుకు మాత్రం ఈ రెండింటిలోనూ చేరదు.

ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఇచ్చుకోదా అంటే, దానికీ పరిమితి కలదు. 2007 రోడ్డు రవాణా చట్టం, 2011 నిబంధనల ప్రకారం, బుకింగు సమయాన హెచ్చు రిస్కు రేటు చెల్లించని పక్షంలో కంపెనీ బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. 20 లక్షల రూపాయల సరుకుకు కిరాయి 50 వేలు అనుకుంటే, రాగలిగినది గరిష్ఠంగా 5 లక్షలు. మిగతా 15 లక్షలు సరుకుదారు నెత్తిన పడతాయి.

ఈ లోటు తీర్చేది సరుకు రవాణా బీమా. వాడుకలో దీనికీ మెరైన్ పాలసీ అనే పేరు. ఇందులో ‘సి’ క్లాజు అగ్నిప్రమాదం, పిడుగుపాటుకే పరిమితం. ‘బి’లో లారీ ఢీకొనుట, బోల్తాపడుట, వంతెన కూలుట కూడా చేరతాయి. దొంగతనం, వానకు తడియుట వంటివి కావలెనంటే ‘ఎ’ క్లాజు తీసుకోవలసి ఉంటుంది. అయితే మామూలు తరుగు, నాసి ప్యాకింగు, ఆలస్యం, సరుకు స్వభావం వల్ల కలిగే చెడుగు దేనిలోనూ రావు.

సరుకు విలువ తగ్గించి బీమా చేసినచో పరిహారమూ ఆ దామాషాలోనే తగ్గుతుంది. 10 లక్షల సరుకుకు 5 లక్షలకే పాలసీ ఉంటే, 2 లక్షల నష్టానికి దక్కేది 1 లక్ష.

సరుకు దెబ్బతిని చేరినచో డెలివరీ రసీదుపై ఆ సంగతి వ్రాయించి, బీమా కంపెనీకి వెంటనే తెలియజేయాలి. ట్రాన్స్‌పోర్టు కంపెనీకి బుకింగు తేదీ నుండి 180 రోజులలోగా లిఖితపూర్వక నోటీసు అందాలి. గడువు దాటితే దావాకు వీలుండదు. బీమా పరిహారానికీ చిక్కు రావచ్చును.

సరుకు బీమా అమ్మినవారిదా, కొన్నవారిదా అనేది బేరం కుదిరేనాడే తేల్చుకొనుట ఉభయులకు క్షేమం.