ముగ్గురాయిలో అయాన్లు, సీసపు రాయిలో మెరుపు: లోహ సమ్మేళనాల బంధాలపై అపోహలు – వాస్తవాలు

లోహం, అలోహం కలిస్తే అయానిక బంధం. రెండూ అలోహాలైతే సంయోజనీయ బంధం. బడిలో నేర్చిన ఈ సూత్రం ఉప్పుకు చక్కగా సరిపోతుంది. రాయలసీమ రాళ్లకు మాత్రం అంత తేలిగ్గా ఒదగదు.

నీటిలో కరగకపోతే అది అయానిక సమ్మేళనం కాదన్నది బాగా పాతుకుపోయిన అపోహ. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ప్రధానంగా బేరియం సల్ఫేటు. లీటరు నీటిలో అది సుమారు 2.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. అయినా అందులో ఉన్నవి బేరియం, సల్ఫేటు అయాన్లే. రెండింటికీ రెండేసి ఆవేశాలు కాబట్టి స్ఫటికంలో పట్టు గట్టిది. నీటి అణువులు చుట్టుముట్టినా ఆ పట్టు విడిపోదు. బేరియం అయాను విషమే. కానీ కరగదు గనుకనే శుద్ధిచేసిన బేరియం సల్ఫేటును కడుపు ఎక్స్‌రేకు ముందు రోగికి తాగిస్తారు. బేరియం కార్బనేటు సంగతి వేరు: అదీ నీటిలో కరగదుగానీ జీర్ణాశయంలోని ఆమ్లానికి లొంగుతుంది. అందుకే అది ఎలుకల మందు.

ఒక పదార్థంలో ఒకే రకం బంధం ఉంటుందనుకోవడమూ పొరపాటే. బేతంచెర్ల నాపరాయిలోని కాల్షియం కార్బనేటులో కాల్షియానికీ కార్బనేటుకూ మధ్య బంధం అయానికం. కార్బనేటు లోపల కార్బన్, ఆక్సిజన్‌లను కలిపేది సంయోజనీయం. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెగేది ఈ లోపలి బంధమే. కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి సున్నం మిగులుతుంది.

ఇక మొదట చెప్పుకున్న లోహం–అలోహం సూత్రం. కడప జిల్లా జంగంరాజుపల్లె ప్రాంతపు సీసపు ఖనిజం గెలీనా, అంటే లెడ్ సల్ఫైడు. దాని పరమాణు అమరిక ఉప్పుదే. అయినా లోహంలా మెరుస్తుంది, అర్ధవాహకంగా పనిచేస్తుంది. ఎలక్ట్రాన్లను లాగే బలంలో సీసానికీ గంధకానికీ తేడా తక్కువ కావడమే కారణం. చిన్నదై, ఎక్కువ ఆవేశమున్న ధనాయాను పెద్ద రుణాయాను ఎలక్ట్రాన్లను తనవైపు లాగి బంధానికి సంయోజనీయ స్వభావం తెస్తుందని రసాయన శాస్త్రవేత్త కాసిమీర్ ఫాయాన్స్ 1923లో వివరించాడు. ఉప్పు కరిగేది 801 డిగ్రీల వద్ద. అదే క్లోరైడు చిన్నదై, ఎక్కువ ఆవేశమున్న అల్యూమినియంతో కలిస్తే, ఆ నిర్జల అల్యూమినియం క్లోరైడు సుమారు 180 డిగ్రీలకే ఆవిరవుతుంది.

ఆక్సీకరణ స్థితినే నిజమైన ఆవేశం అనుకోవడం చివరి అపోహ. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ఖనిజం ఆమ్లాన్ని తినేసే కార్బనేటు రాయిలో ఉంది కనుక అక్కడ యురేనియాన్ని కరిగించి తీయడానికి క్షార ద్రావణం వాడతారు. అందులోకి వచ్చే యురేనియం ఆక్సీకరణ స్థితి +6. అయితే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఒంటరి అయాను అక్కడ ఉండదు. రెండు ఆక్సిజన్లతో బలమైన సంయోజనీయ బంధాలున్న యురేనైల్ అయాను చుట్టూ కార్బనేట్లు చేరి ఉంటాయి.