సీమకారు సారథ్యము

మన హైదరాబాదులో పాత కార్లను చూడగోరువారు చౌమహల్లా ప్రాసాదమునకు బోవుట వాడుక. ఆరవ నిజామగు మహబూబు అలీ పాషా కోరి చేయించిన పసుపుపచ్చని రోల్సు రాయిసు కారు అచ్చట గలదు. బండి తయారై వచ్చులోపలనే, 1911లో, ఆయన గతించెను. లోపల సింహాసనమువంటి పీఠము. ఎంత ఘనమైనదైనను అది కూర్చుండుటకు చేసిన బండియే గాని తోలుటకు చేసినది కాదు. యజమానుడు వెనుక, సారథి ముందు. నేను చెప్పబూనినది దీనికి విరుద్ధమైన జాతిని గూర్చి. రెండే పీఠములు గలిగి, యజమానుడే సారథియై నడుపవలసిన చిన్న సీమ స్పోర్ట్సు కార్లు అవి.

మాదాపూరు, గచ్చిబౌలి వీధులలో ఎనిమిది మూలల బిళ్లమీద ఎం.జి. యను అక్షరములు గల పెద్ద కార్లను 2019 నుండి మీరు చూచుచునే యుందురు. ఆ అక్షరములు ఆక్సుఫర్డు నగరమందలి మారిసు గారేజీలవి. అచ్చట సిసిలు కింబరు అనునాతడు 1920ల నాడు సాధారణపు మారిసు కార్ల భాగములతోనే తేలికయైన, చురుకైన బండ్లను కట్టించెను. 1945 మొదలు 1949 వరకు వెలువడిన ఎం.జి. టి.సి. యను బండికి కొయ్యచట్రముమీద రేకు తొడుగు, సైకిలు చక్రములకువలె ఊచలు, 1250 సి.సి. ఇంజను. నేటి సంసారపు కారుకన్న అదియేమియు పెద్దది కాదు.

మన యిండ్లకు మరింత దగ్గర చుట్టము వేరొకటి యున్నది. మీ తాతగారి వీధిలో స్టాండర్డు హెరాల్డు కారు ఉండెడిదేమో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1961 నుండి మద్రాసులో కూర్చిన ఆ బండి అసలు పేరు ట్రయంఫు హెరాల్డు. రూపకర్త ఇటలీ దేశస్థుడగు మికెలోట్టి. ఆ హెరాల్డు చట్రమునే కుదించి, ఆతనిచేతనే ఒడలు దిద్దించి, 1962లో కోవెంట్రీవారు స్పిట్‌ఫైరు అను రెండు పీఠముల బండిని విడిచిరి. అక్క మద్రాసులో సంసారము చేయుచుండగా చెల్లెలు సీమలో నాట్యము నేర్చిన దనవచ్చును. పేరుమాత్రము యుద్ధవిమానమునుండి వచ్చినది. ఆ పేరునకును మన యూరికిని పొత్తు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధమున హైదరాబాదు పేరు వహించిన 152వ దళము స్పిట్‌ఫైరు విమానములనే నడిపెను. దాని చిహ్నముమీద నిజాముగారి తలపాగా యుండెను.

ఇక దీనియందలి సుఖమెట్టిది? వేగమనుకొనిన పొరపాటు. తొలి స్పిట్‌ఫైరు బలము 63 గుర్రములు మాత్రమే. సైబరు టవర్సు ముంగిట నిలిచిన యే క్రొత్త కారైనను దానిని దాటిపోగలదు. కాని పీఠము నేలకంటి యుండుటచే నలువది మైళ్ల వేగమే ఎనుబదివలె దోచును. వీధిమలుపున చక్రము క్రిందనున్న గులకరాయి సైతము స్టీరింగు ద్వారా అరచేతికి దెలియును. ఉదయమున చోకు పిడి లాగి, ఇంజను వెచ్చబడగనే దానిని మెల్లగా లోనికి నెట్టవలెను. మొదటి గేరునకు బండి నిలిచినగాని సరిగా పడదు. కార్బురేటర్లు రెండు, చెవియొద్ద రబ్బరు గొట్టము నుంచుకొని రెంటి ఊపిరియు సమమగువరకు మరలు త్రిప్పుదురు. తంబురా శ్రుతిచేసినవారికి ఈ పని కొత్తగాదు. దమయంతి రథఘోషమును వినియే సారథి నలుడని గుర్తించెను గదా. ఈ బండ్లు గలవారి యిండ్లలో వంటింటనుండియే ఇల్లాలు “నేడు ఒక సిలిండరు పలుకుట లేదు” అని చెప్పగలదు.

ధనవ్యయము మాటయో? ఉన్నది, దాచనేల. మా యెరుకలో ఒక యింట భర్త తెచ్చిన పాతబండి రెండేండ్లు గుడ్డకప్పు క్రిందనే పడియుండెను. దూరదేశమునుండి తెప్పించిన భాగములకు పిల్లవాని చదువునకై దాచిన సొమ్ములో కొంత హరించినది. ఆ యిల్లాలు దానిని సవతి యనుచుండెడిది. పిల్లల సొమ్ము ముట్టుట ఏ సరదాకును తగదు. ఈ మాటలో నేను రాజీపడను. ఆమె ఏడ్చి ఊరకుండలేదు. ఖర్చుపుస్తకమును, తాళముచెవిని ఒక్కనాడే పుచ్చుకొన్నది. నెలకింతయని కట్టడి చేసినది; క్లచ్చి, గేరు తానే అభ్యసించినది. సుభద్ర పగ్గములు పట్టినదను కథ విని ఆనందించువారమే, స్త్రీ స్టీరింగు పట్టిన నవ్వుదుమేల? ఇప్పుడు భర్తయే ప్రక్కపీఠమున గూర్చుండి దారి చెప్పుచున్నాడు. సవతి యను మాట ఆ యింట మరల వినబడలేదు.

చట్టము కూడ తెలిసియుండవలెను. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఏబది యేండ్లు దాటి, అసలు రూపు చెడని బండిని వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. రుసుము 20,000 రూపాయలు, పదియేండ్లు చెల్లును, సంఖ్యలో వి.ఎ. యను గుర్తుండును. అట్లు నమోదైన బండిని నిత్యము ఆఫీసునకు గొనిపోరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతునకు, పెట్రోలునకు మాత్రమే అనుమతి. గాలిసంచులు మొదలగు నేటి రక్షణలు ఇందులో లేవు గనుక చిన్నపిల్లలను ఎక్కింపకుండుటయే మేలు.

ర్యాలీలు తెల్లవారుజామున బయలుదేరుటకు కారణము గలదు. 2020లో తెరచిన దుర్గము చెరువు తీగల వంతెనమీద అప్పుడు చల్లగాలి యుండును, ఇంజను నీరు మరగదు. ఎండ ముదురకమునుపే ఇల్లు చేరవలెను. ఆపైన హైటెక్ సిటీ కూడలిలో ఆటోల నడుమ చిక్కినచో వేడిముల్లు ఎర్రగీతను ముట్టును. అప్పుడు బానెట్టు ఎత్తి, రేడియేటరు మూత ముట్టక, అర్ధగంట చెట్టునీడ వెదకికొనుటయే గతి.