తిప్పలు పెట్టని మేనేజర్

బ్యాంకు ఉద్యోగంలో ఎక్కువ కాలం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల శాఖల్లోనే గడిపాను. రిటైరయ్యాక కొత్త మేనేజర్ల శిక్షణ తరగతుల్లో మాట్లాడమని అప్పుడప్పుడు పిలుస్తుంటారు. నాకన్నా ముందు మాట్లాడే శిక్షకులు టై కట్టుకుని వచ్చి, షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో, వేదిక మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పుతారు. నేర్పనీండి, నష్టం లేదు. కానీ నేను చూసిన సమర్థులైన అధికారుల్లో చాలామందికి మైకు ముందు నోరు పెగిలేది కాదు. మేనేజ్‌మెంట్ మీద రాసినవాళ్లలో పెద్దాయన పీటర్ డ్రకర్ కూడా 1967లో వచ్చిన ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’లో ఈ సంగతే రాశాడు. సమర్థులు రకరకాల స్వభావాల వాళ్లుంటారట, సమర్థత పుట్టుకతో రాదట, అలవాటుగా నేర్చుకోవాల్సిందేనట.

ఆ అలవాట్లలో నన్నడిగితే మొదటిది, ఎదుటివాడికి చెప్పాల్సిన చేదు మాటను సకాలంలో, మొహం మీద, కారణంతో సహా చెప్పడం.

సిరిసిల్ల సంగతి చూడండి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాలు సొంతవైనా నూలు కొనే స్తోమత లేనివాడు ఆసామి. యజమాని దగ్గర నూలు చుట్టిన బీములు తెచ్చుకుని గుడ్డ నేయించి, మీటరుకు ఇంతని కూలి తీసుకుంటాడు. అందులోంచే తన కార్మికులకు ఇస్తాడు. పైన ఎక్కడో ఆర్డర్ ఆగిపోతే ఆ కబురు ముందు తెలిసేది యజమానికి. అందరికన్నా ఆఖరున తెలిసేది సాంచాల మధ్య నిలబడ్డవాడికి. అప్పటికే వాడు కిరాణా కొట్టులో ఖాతా రాయించుకుని ఉంటాడు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టాక పని దొరికింది, నిజమే. ఊరంతా ఒక్క ఆర్డర్ కోసం ఎదురుచూడడమూ పెరిగింది.

పని పడిపోయిన కాలంలో ఇద్దరు యజమానులను దగ్గర నుంచి చూశాను. ఒకాయన కోసం ఎప్పుడు వెళ్లినా గుమాస్తా ఒకటే మాట: “సేటు భీవండి పోయిండు.” రెండో ఆయన ఆసాములందరినీ గోదాముకు పిలిపించాడు. అమ్ముడుపోని గుడ్డ తాన్లు చూపించి, స్టాకు పుస్తకం వాళ్ల ముందే తెరిచాడు. “వచ్చే నెల దాంక కొత్త బీములు ఇయ్యలేను. ఉన్నయి ఇవే. అందరం సగం సగం సాంచాలు నడుపుకుందాం. పాత కూలి బాకీ మాత్రం శనివారం కల్ల తేల్చేస్త” అన్నాడు. ఒకరిద్దరు గట్టిగానే తిట్టారు. ఆయన లేచి వెళ్లలేదు, తిట్లు అయిపోయేదాకా కూర్చున్నాడు. ఆ ఏడు ఆయనా నష్టపోయాడు, అది వేరే సంగతి. శనివారం కూలి మాత్రం ఇచ్చాడు.

ఆ ధైర్యం గొంతు పెద్దది చేస్తే రాదు. లెక్క తనకు పూర్తిగా తెలిసి ఉండాలి. మా బ్యాంకుల్లో ‘రేపు రండి’ అనే మాటకు సగం కారణం, మేనేజర్ ఆ ఫైలు చదివి ఉండకపోవడం. మిగతా సగం, కాదంటే చెడ్డవాణ్ని అవుతానన్న భయం. అప్పు కోసం కోరుట్ల శాఖకు తిరిగిన ఒక రైతు కౌంటర్ దగ్గర నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: “కాదంటే కాదని చెప్పుర్రి సారూ, తిప్పకుర్రి. బస్సు కిరాయి నాకే పడుతది.”

ఆ కోరుట్లలోనే బీడీ కార్ఖానాల్లో చాటర్లు ఉంటారు. ఆడవాళ్లు ఆకు, తంబాకు ఇంటికి తీసుకెళ్లి చుట్టి తెచ్చిన బీడీలను సరిచూసే పని వాళ్లది. పనికిరావని పక్కన పడేస్తే ఆమె రోజు కష్టంలో కొంత పోయినట్టే. చాలామంది మాట్లాడకుండా తీసి పడేస్తారు. ఒకతను మాత్రం బీడీని ఆమె కళ్ల ముందే విప్పి, “తంబాకు మూతి కాడనే ఉన్నది చూడమ్మా, నడుమ ఉత్తగనే ఉన్నది” అని చూపించేవాడు. అతనికి ఏ హోదా లేదు. నేను చూసినవాళ్లలో మంచి మేనేజర్ అతనే.

చెప్పడానికి ముందు వినాలి కదా అంటారు. వినాలి. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఈ ప్రాంతపు వరికి ఉల్లికోడు బెడద ఎక్కువ. రైతుకేమో సన్నబియ్యం కావాలి. రెండూ ఒకే గింజలో కుదిర్చే ప్రయత్నంలోంచే జేజీఎల్ 1798, అదే జగిత్యాల సన్నాలు వచ్చింది. పొలంలో రైతు ఏడుపు వినకుండా గదిలో కూర్చుని ఆ రకం తయారుచేయడం సాధ్యమయ్యే పని కాదు.

ఇక తప్పు మాట జారితే? హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. అదే ఏడు అక్టోబరులో మహిళా ఇంజనీర్ల సభలో, ఆడవాళ్లు జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకోవాలన్నట్టు మాట్లాడాడు. దుమారం రేగింది. ఆ రోజే ఉద్యోగులకు ఉత్తరం రాసి, తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నాడు. అంత పెద్ద కుర్చీలో ఉన్నవాడు ‘నా మాటను వక్రీకరించారు’ అనకపోవడం మన దగ్గర చాలామందికి వింతగా అనిపించవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ముక్కుసూటి మనిషినని చెప్పుకునే మేనేజర్లను చాలామందిని చూశాను. వాళ్ల ముక్కు గుమాస్తాల వైపే సూటిగా ఉంటుంది. జోనల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే వంగిపోతుంది. ఈ సీజన్‌లో ఇంత డిపాజిట్ తేలేమని పైవాళ్లకు చెప్పలేనివాడు, కిందివాళ్ల మీద అరిస్తే దాన్ని నిజాయితీ అనను.

పైవాడే కిందివాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన చోటూ ఒకటుంది. సిరిసిల్లలో కరెంటు ఇచ్చే సహకార సంఘం ‘సెస్’ 1970 నుంచి నడుస్తోంది. దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో అదొకటి. అక్కడ బిల్లు కట్టే వినియోగదారుడే సభ్యుడు, డైరెక్టర్లను ఎన్నుకునేదీ అతనే. కరెంటు ఎందుకు పోయిందని అడిగినవాడు రేపు ఓటు వేస్తాడు. ప్రతి మేనేజర్ తన కౌంటర్ ముందున్న మనిషిని ఇలాగే చూస్తే మేలు.

నేను చేసిన పని చిన్నది. డ్రకర్ తన కాలం ఎటు పోతోందో రాసుకోమంటాడు. నేను ఎవరికి ఏ జవాబు బాకీ ఉన్నానో ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ని: పేరు, అడిగింది, ఏ తారీఖుకు చెబుతానన్నది. సాయంత్రం బ్యాంకు తలుపులు వేశాక ఆ పేజీ తీసేవాణ్ని. మీరు ఏ ఆఫీసులో ఏ కుర్చీలో ఉన్నా సరే, మీ జవాబు కోసం తిరుగుతున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ వారంలోనే పిలిచి, అవునో కాదో చెప్పేయండి.