హార్డ్ డిస్క్ పోతే దాంతో వచ్చిన విండోస్ కూడా పోయినట్టేనా?

సంక్రాంతికి రావికమతం వెళ్లేసరికి మా చెల్లి ల్యాప్‌టాప్ బీరువా మీద మూసి పెట్టి ఉంది. ఆన్ చేస్తే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, కాసేపటికి నల్ల స్క్రీన్ మీద బూట్ డివైస్ దొరకలేదన్న మెసేజ్. నిజానికి అది నా ల్యాప్‌టాపే. 2019లో నేను బీటెక్‌లో చేరినప్పుడు నాన్న ఆ ఏడు బెల్లం అమ్మిన డబ్బుతో కొన్నారు. నాకు ఉద్యోగం వచ్చాక అది చెల్లికి వెళ్లింది. 8వ జనరేషన్ కోర్ ఐ5, 1 టీబీ తిరిగే హార్డ్ డిస్క్. అప్పట్లో మా బడ్జెట్‌కి అదే గొప్ప.

నేను వచ్చేలోపే చెల్లి దాన్ని నర్సీపట్నంలో ఒక షాపుకి తీసుకెళ్లింది. "ఎస్‌ఎస్‌డీ వెయ్యాలమ్మా. పాత డిస్క్‌తో పాటే విండోస్ కూడా పోయింది. ఇంకో ఐదొందలిస్తే ప్రో వేసేస్తాం, లైఫ్‌టైమ్ యాక్టివేషన్" అన్నారట. ఎస్‌ఎస్‌డీ ఖర్చుకి నాన్న ఏమీ అనలేదు గానీ, విండోస్ మాట దగ్గర ఆగిపోయారు.

"ఒరే, ఆ రోజు బిల్లులో విండోస్‌కి కూడా కలిపే కదా ఇచ్చాం? డిస్క్ పాడైతే అదెలా పోద్ది?"

నాన్న కంప్యూటర్ ముట్టుకోరు. కానీ అసలు పాయింట్ అదే.

విండోస్ 7 రోజుల్లో ల్యాప్‌టాప్ అడుగున ఒక స్టిక్కర్ ఉండేది, దాని మీద 25 అక్షరాల కీ. ఆ స్టిక్కర్ అరిగిపోతే కష్టమే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు మీదున్న బయోస్ చిప్‌లోనే రాసి పంపిస్తున్నాయి. హార్డ్ డిస్క్‌లో ఉండేది విండోస్ ఫైల్స్ మాత్రమే. డిస్క్ మార్చినా, ర్యామ్ మార్చినా ఆ లైసెన్స్ ఎక్కడికీ పోదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం వేరే కథ. విండోస్ వేసి అమ్మిన ల్యాప్‌టాప్‌లకే ఇది వర్తిస్తుందని గుర్తుంచుకోండి. డాస్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి బోర్డులో కీ ఉండదు.

ఇక షాపుల్లో ఇచ్చే ఆ 'లైఫ్‌టైమ్ ప్రో' సంగతి. చాలాసార్లు అది పెద్ద ఆఫీసుల కోసం ఉన్న కేఎంఎస్ అనే యాక్టివేషన్ పద్ధతిని మోసం చేసే క్రాక్. ఆ యాక్టివేషన్ ఆయుష్షే 180 రోజులు. దాన్ని రెన్యూ చేస్తూ ఉండటానికి వెనకాల ఏదో ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి, అది వెయ్యడానికి ముందు డిఫెండర్‌ని ఆపెయ్యాలి. మా చెల్లి కాలేజీ ఫీజు నెట్ బ్యాంకింగ్‌లో కట్టేది ఈ ల్యాప్‌టాప్ నుంచే. అందుకే నేనే కూర్చున్నాను.

ముందు డేటా. ఇక్కడ మాత్రం తొందరపడకండి. పాత డిస్క్‌ని బయటికి తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి బావ వాళ్ల డెస్క్‌టాప్‌కి తగిలించాను. మూడోసారికి కనిపించింది. చెల్లి ప్రాజెక్ట్ ఫోల్డర్ కాపీ అయ్యింది, నా బీటెక్ ఫోటోలు సగంలో ఉండగా డిస్క్ మళ్లీ టిక్కుమని మాయమైపోయింది. తర్వాత ఎన్నిసార్లు పెట్టినా రాలేదు. డిస్క్ ఇంకా బతికి ఉండగానే మారుస్తుంటే క్లోన్ చేసుకోవడమే సులువు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసే పనే ఉండదు.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్. నా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో చేద్దామంటే కంపెనీ వాళ్లు యూఎస్‌బీ పోర్టులు లాక్ చేసేశారు. నా ఫోన్ డేటా రోజుకి 2 జీబీ. విండోస్ ఫైల్ దానికి రెట్టింపు పైమాటే. కొత్తకోటలో బావ వాళ్లింట్లో ఫైబర్ ఉంది కాబట్టి సరిపోయింది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ అని ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్ అదే తయారుచేస్తుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్లయితే తమ మోడల్స్‌కి డ్రైవర్లతో సహా ఫ్యాక్టరీ కాపీ ఇచ్చే రికవరీ టూల్స్ కూడా పెట్టారు. మీ మోడల్‌కి ఉందేమో ముందు అది చూడండి. మా మోడల్‌కి లేదు.

ఎస్‌ఎస్‌డీ బిగించడం పది నిమిషాల పని. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నది ఎంచుకోండి. ఇప్పుడు అసలు పరీక్ష. మామూలుగా సెటప్ మొదట్లో ప్రొడక్ట్ కీ అడుగుతుంది, లేదంటే హోమ్ కావాలా, ప్రో కావాలా అని అడుగుతుంది. మాకు ఆ రెండూ రాలేదు, నేరుగా లైసెన్స్ నిబంధనల పేజీకి వెళ్లిపోయింది. బోర్డులో ఉన్న కీని చదువుకుని, 2019లో వచ్చిన విండోస్ 10 హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌నే ఎంచుకుందన్నమాట. షాపులో ప్రో వేయించి ఉంటే ఈ కీ దానికి సరిపోయేది కాదు.

డిస్క్ చూపించే పేజీలో అన్‌అలొకేటెడ్ స్పేస్ అని ఒక్కటే ఉంటుంది. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి, పార్టిషన్లు అదే చేసుకుంటుంది. 11వ జనరేషన్ ఇంటెల్ నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ పేజీలో అసలు డిస్కే కనిపించదు. ఎస్‌ఎస్‌డీ పాడైందని కంగారు పడకండి. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని లోడ్ డ్రైవర్ నొక్కితే కనిపిస్తుంది.

ఇరవై నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చింది. వైఫై లేదు! డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను, నెట్ వచ్చింది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిస్తే డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయ్యిందని ఉంది. కీ టైప్ చేసింది లేదు, రూపాయి కట్టింది లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి అదే రాత్రి 11కి అప్‌గ్రేడ్ చేశాను. ఇంటెల్‌లో అధికారికంగా 8వ జనరేషన్ నుంచే దానికి సపోర్ట్, బొటాబొటిగా మాది గట్టెక్కింది. నేరుగా 11 వేసినా ఇదే కీ పనిచేస్తుంది. నాకే, మొదట వచ్చింది మళ్లీ వస్తుందో లేదో చూడాలనిపించింది.

ఎక్కువ టైమ్ తిన్నది ఆఫీస్. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన హోమ్ అండ్ స్టూడెంట్ లైసెన్స్ బోర్డులో ఉండదు, మొదటిసారి యాక్టివేట్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి అతుక్కుని ఉంటుంది. ఆ అకౌంట్ నేను ఇంటర్ అయ్యాక పెట్టుకున్న చిత్రమైన మెయిల్ ఐడీ. ఓటీపీ అమ్మ నంబర్‌కి వెళ్తోంది. చెల్లి ఆ ఐడీ చదివి నవ్వడం ఆపేసరికి కోడ్ ఎక్స్‌పైర్ అయిపోయింది. రెండోసారికి వర్డ్, ఎక్సెల్ రెండూ వచ్చాయి.

నాన్న ఎల్ఐసీ కాగితాల కవర్లోంచి 2019 బిల్లు తీసుకొచ్చి చూపించారు. అందులో మోడల్ పేరు పక్కనే విన్10 అని ఉంది. పొద్దున్న చెల్లి పవర్ బటన్ నొక్కి, టీ గ్లాసు అందుకునేలోపే లాగిన్ స్క్రీన్ వచ్చేసింది. పాత డిస్క్‌తో అయితే టీ అయిపోయేది. బ్యాటరీ మాత్రం గంటకే పడిపోతోంది, దాని సంగతి ఉగాదికి చూడాలి.